సైకిల్ చైన్ వెనక చక్రం పుల్లల్లో (స్పోకుల్లో) పడుతోంది: ప్లాస్టిక్ ప్లేటు ఉంచాలా, పీకెయ్యాలా?

వర్తూరు_వంతెన
అందరికీ నమస్కారం. అల్యూమినియం ఫ్రేమ్ హైబ్రిడ్ సైకిల్, వెనక 8 గేర్లు, 11-34 పళ్ల క్యాసెట్ (వెనక పళ్లచక్రాల గుత్తి), 32 పుల్లల చక్రం, క్విక్ రిలీజ్ (చేత్తో విప్పే ఇరుసు లీవర్). సర్వీసు నుంచి వచ్చిన వారానికి ఎత్తు మీద అతి తేలిక గేరుకి మార్చినప్పుడు చైన్ పెద్ద కాగ్ (పళ్లచక్రం) దాటి పుల్లల వైపు పడి ఇరుక్కుంది. క్యాసెట్ వెనక పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ ప్లేటు అప్పటికే పసుపు తిరిగి పగిలి ఉంది, ఒక కొక్కెం విరిగింది. మూడు ప్రశ్నలు. చైన్ ఎందుకు పడింది? పుల్లలకి గీతలు పడ్డాయి, వాటితో తొక్కవచ్చా? కొత్త ప్లేటు వేయాలా, లేక చాలామంది అన్నట్టు తీసి పారేయాలా?

ఎల్_స్క్రూ
సర్వీసు తర్వాత వారానికే పడిందంటే మొదటి అనుమానం ఒక్కటే. తేలిక గేరుకి చైన్ ఎక్కడం బద్ధకిస్తోందని ఎవరో డిరెయిలర్ (చైన్‌ని కాగ్ నుంచి కాగ్‌కి జరిపే పరికరం) మీది ఎల్ స్క్రూ వదులు చేశారు. మన దగ్గర ఇది చాలా మామూలుగా జరిగే తప్పు. బద్ధకానికి కారణం కేబుల్ వదులు కావడం. దానికి మందు బ్యారెల్ అడ్జస్టర్‌ని (కేబుల్ బిగువు సర్దే మర) సగం చుట్టు అపసవ్యంగా తిప్పడం. ఎల్ స్క్రూ గేరు మార్చే స్క్రూ కాదు. డిరెయిలర్ లోపలికి ఎంత దూరం పోవచ్చో చెప్పే గోడ అది. గోడని వెనక్కి జరిపితే గేరు పడినట్టే అనిపిస్తుంది, ఒకరోజు చైన్ కూడా గోడ దాటుతుంది.

సరిచూసే పద్ధతి: వెనక చక్రం పైకి లేపి, చైన్‌ని రెండో పెద్ద కాగ్ మీద పెట్టండి. పెడల్ మెల్లగా తిప్పుతూ డిరెయిలర్‌ని చేత్తోనే పుల్లల వైపు నెట్టండి. లీవర్ ముట్టుకోవద్దు. చైన్ పెద్ద కాగ్ ఎక్కి అక్కడితో ఆగాలి. ఎంత గట్టిగా నెట్టినా అవతల పడకూడదు. పడబోతుంటే ఎల్ స్క్రూని సవ్యదిశలో పావు చుట్టు బిగించి మళ్లీ నెట్టండి. బిగింపు ఎక్కువైతే చైన్ పెద్ద కాగ్ ఎక్కదు, లేదా ఎక్కి గరగరలాడుతుంది. అప్పుడు పావు చుట్టు వెనక్కి. సరిగ్గా ఉన్నప్పుడు వెనకనుంచి చూస్తే డిరెయిలర్ పై పుల్లీ (చిన్న చక్రం) పెద్ద కాగ్‌కి సూటిగా కింద ఉంటుంది.

హెచ్ (చిన్న కాగ్ వైపు హద్దు స్క్రూ), ఎల్ అక్షరాలు మట్టిలో కనబడకపోతే చైన్ పెద్ద కాగ్ మీద ఉండగా ఒక్కో స్క్రూ కొంచెం తిప్పి చూడండి. ఏది తిప్పితే డిరెయిలర్ కదిలిందో అదే ఎల్. స్క్రూ తల అరిగితే తర్వాత చాలా ఇబ్బంది, కాబట్టి తలలో గట్టిగా కూర్చునే స్క్రూడ్రైవరే వాడండి. కొత్త మోడళ్లు కొన్నింట్లో 2 మి.మీ. అలెన్ కీ పడుతుంది.

బేస్‌మెంట్_బైకు
ఎల్ స్క్రూ అన్నగారు చెప్పింది నిజమే, కానీ సగమే. హ్యాంగర్ (డిరెయిలర్‌ని ఫ్రేమ్‌కి పట్టి ఉంచే ముక్క) వంగి ఉంటే ఆ స్క్రూ సరిగ్గా ఉన్నా చైన్ పడుతుంది. ఆ గోడ డిరెయిలర్ లోపల ఉంది, డిరెయిలర్ వేలాడేది హ్యాంగర్ మీద. హ్యాంగర్ లోపలికి ఒరిగితే గోడతో సహా మొత్తం పుల్లల వైపు జరుగుతుంది.

మన అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్లలో సైకిళ్ల వరస చూశారుగా. ఒకరి హ్యాండిల్ పక్కవాళ్ల డిరెయిలర్‌కి తగిలి ఉంటుంది, ఎవరో లాగేసరికి నాలుగు సైకిళ్లు కుడివైపు పడతాయి. చక్రం దూర్చే ఇనుప స్టాండ్‌లో వెనక చక్రం దూర్చినా అదే గతి. ముందు చక్రం దూర్చండి, గోడకి ఆనించేటప్పుడు ఎడమవైపు ఆనించండి. ఇంకోటి, 85 శాతం బిగించి డబ్బాలో పంపే సైకిళ్లకి హ్యాంగర్ వంగి రావడం కొత్త కాదు. కొత్త సైకిలే కదా అని చూడకుండా వదలకండి.

నిపుల్_కీ
ముందు పుల్లల సంగతి, ఎందుకంటే ప్రమాదం అక్కడే ఉంది.

చైన్ ఇరుక్కున్నప్పుడు చేయకూడనివి: పెడల్ ముందుకి తొక్కడం, సైకిల్‌ని ముందుకి తోయడం. చైన్ క్యాసెట్‌నీ పుల్లలనీ కలిపి పట్టేస్తుంది. చక్రం తిరిగితే డిరెయిలర్‌ని లోపలికి లాక్కుపోతుంది, అప్పుడు ఖర్చు చైన్‌తో ఆగదు. చేయాల్సింది: లీవర్‌ని బరువు గేరు వైపు నొక్కి కేబుల్ వదులు చేయండి, చక్రం ఊడదీయండి, చైన్‌ని చేత్తో బయటకి లాగండి. రాకపోతే స్క్రూడ్రైవర్‌తో తన్నొద్దు, పుల్లలకి మిగతా గాయాలు దానివల్లే అవుతాయి. లాక్‌రింగ్ (క్యాసెట్‌ని పట్టి ఉంచే రింగు) విప్పి క్యాసెట్ తీసేస్తే చైన్ దానంతటదే వచ్చేస్తుంది.

ఇప్పుడు గీతలు. 32 పుల్లల చక్రంలో గేర్ల వైపు 16. వాటిలో ఫ్లాంజి (చక్రం మధ్య హబ్‌కి పుల్లలు తగిలించే అంచు) లోపలినుంచి బయటకి వచ్చి బయటివైపు పడుకునేవి 8. చైన్ కోసేది ఈ 8నే, అదీ మెడ వంపుకి కాస్త పైన. గోరుతో గీరి చూడండి. గోరు జారిపోతే అది మెరుగు పోయిన గీత మాత్రమే. గోరు తట్టుకుని ఆగితే అది గాటు. ఆ పుల్ల మార్చాల్సిందే. వెనక చక్రంలో గేర్ల వైపు పుల్ల మీద 100 నుంచి 120 కిలోల లాగుడు ఉంటుంది. ప్రతి చుట్టులో పుల్ల నేలవైపు వచ్చినప్పుడు ఆ లాగుడు తగ్గి మళ్లీ పెరుగుతుంది. గాటు ఉన్నచోట ఆ ఒత్తిడంతా పోగుపడి సన్నని పగులు మొదలవుతుంది. ఈరోజు తెగదు. కొన్ని వందల కిలోమీటర్ల తర్వాత ఏ కారణమూ లేకుండా తెగినట్టు కనబడుతుంది. తెగిన పుల్లని చూసి రిమ్‌నో రోడ్డునో తిట్టుకుంటారు.

తురహళ్లి_తుప్ప
నేను ప్లేటుకి వ్యతిరేకం. పగిలిన ప్లేటు కటకటలాడుతుంది, దాని వెనక బురద చేరుతుంది, క్యాసెట్ కడగడానికి అడ్డం. స్క్రూ, హ్యాంగర్ సరిగ్గా ఉంటే చైన్ అవతలికి పోయే దారే లేదు. తురహళ్లి అడవి దారి లాంటి చోట ఎండు కొమ్మముక్క ఒకటి డిరెయిలర్ కేజ్‌లో (పుల్లీలని పట్టి ఉంచే చట్రంలో) దూరితే మొత్తం ఎత్తి చక్రంలో పడేస్తుంది, అప్పుడు ప్లేటు ఉన్నా ఏం ఆపదు. 50, 51 పళ్ల క్యాసెట్లతో వచ్చే కొండ సైకిళ్లకి తయారీదార్లే సాధారణంగా ప్లేటు పెట్టరు.

గిండీ_గేరు
చెన్నై నుంచి. తుప్ప గారూ, మీది రోజూ చూసుకునే చేతుల్లో ఉన్న సైకిల్. స్క్రూ సరిగ్గా ఉన్నంతవరకు ప్లేటు అక్కర్లేదు, ఒప్పుకుంటాను. ప్లేటు ఉన్నది స్క్రూ సరిగ్గా లేని రోజు కోసం. ఉదయం సరిగ్గా ఉన్న హ్యాంగర్ మధ్యాహ్నం పార్కింగ్‌లో వంగుతుంది, సాయంత్రం మీరు చూడకుండా ఎక్కుతారు. అమెరికాలో సైకిళ్ల భద్రతా నిబంధన 16 సీఎఫ్ఆర్ 1512.9లో కూడా ఇదే ఆలోచన: సర్దుబాటు తప్పినా, దెబ్బ తగిలినా చైన్ చక్రాన్ని ఆపేయకుండా డిరెయిలర్‌కి రక్షణ ఉండాలని.

ప్లేటు వెనక బురద గురించి మాత్రం మీరు చెప్పింది అక్షరాలా నిజం, మాకైతే ఇంకా ఎక్కువ. ఈసీఆర్ (సముద్రం పక్క రోడ్డు) మీద తొక్కేవాళ్లకి ఉప్పుగాలి, సన్న ఇసుక ప్లేటుకీ ఫ్లాంజికీ మధ్య చేరి తడి పట్టి ఉంచుతాయి. గాల్వనైజ్డ్ పుల్లలైతే మెడ దగ్గరే తుప్పు మొదలు. అయస్కాంతం పెట్టి చూడండి. గట్టిగా అతుక్కుంటే ఇనుప పుల్ల, అంటనట్టు ఉంటే స్టెయిన్‌లెస్. నెలకోసారి ఆ సందులో మామూలు నీళ్లు పోసి, పాత టూత్‌బ్రష్‌తో తోమి, ఆరబెట్టండి. ప్రెషర్ వాషర్ వద్దు, హబ్ బేరింగుల్లోకి నీళ్లు వెళ్తాయి.

తురహళ్లి_తుప్ప
సరే, పిల్లల సైకిళ్లకీ అపార్ట్‌మెంట్ సైకిళ్లకీ ఉంచండి. నా మాట ట్రైల్ సైకిళ్ల వరకే.

నిపుల్_కీ
పెద్ద క్యాసెట్ల విషయంలో ఒక చిన్న తేడా. పుల్లలు ఫ్లాంజి నుంచి రిమ్ మధ్యకి వాలుగా పోతాయి కదా. కాబట్టి 51 పళ్ల కాగ్ అంచు దగ్గర కాగ్‌కీ పుల్లకీ సందు ఎక్కువ, 28 పళ్ల అంచు దగ్గర తక్కువ. అందుకని పెద్ద క్యాసెట్‌లో చైన్ పడితే ఇంకా లోతుగా దిగుతుంది. ప్లేటు లేకపోవడానికి అది క్షేమం అని కారణం కాదు.

వర్తూరు_వంతెన
పని మొదలుపెట్టాను. చేత్తో నెట్టే పరీక్షలో చైన్ సులువుగా అవతలికి పోతోంది, ఎల్ స్క్రూ బాగా వదులుగా ఉంది. కానీ బిగించే ముందు హ్యాంగర్ చూడాలి కదా? హ్యాంగర్ వంపు కొలిచే గేజ్ ఒకటి అద్దెకి దొరికింది. కొలిస్తే కింద, అంటే ఆరు గంటల స్థానంలో గేజ్ రిమ్‌ని తాకుతోంది, పైన పన్నెండు గంటల దగ్గర 9 మి.మీ. సందు. ఇది ఎక్కువా?

బేస్‌మెంట్_బైకు
ఎక్కువే. గేజ్ తయారుచేసే పార్క్ టూల్ వాళ్ల లెక్కలో రిమ్ దగ్గర తేడా 4 మి.మీ. లోపు ఉండాలి. కింద తాకి పైన సందు ఉందంటే హ్యాంగర్ అడుగుభాగం లోపలికి ఒరిగింది.

కొలత నమ్మే ముందు రెండు చూసుకోండి. ఒకటి, చక్రం ఫ్రేమ్‌లో పూర్తిగా కూర్చుందా? సైకిల్ నేలమీద నిలబెట్టి క్విక్ రిలీజ్ వదిలి మళ్లీ బిగించండి. చక్రం వంకరగా ఉంటే హ్యాంగర్ వంకరగా ఉన్నట్టు కనబడుతుంది. రెండు, గేజ్‌ని ఎప్పుడూ రిమ్ మీద ఒకే బిందువు దగ్గర చూడండి. వాల్వ్‌ని గుర్తుగా పెట్టుకుని గేజ్‌తో పాటు చక్రాన్నీ తిప్పండి. అప్పుడు రిమ్ బెండు లెక్కలోకి రాదు.

సరిచేయడానికి గేజ్‌నే మీటగా వాడతారు. మెల్లగా, ఒక్కో తోపుకి కొంచెం. అల్యూమినియం ఒకసారి వంచితే సరే, మళ్లీ మళ్లీ వంచితే చీలుతుంది. సరిచేశాక బోల్టు రంధ్రం చుట్టూ సన్నని గీత కనబడితే దాన్ని పారేసి కొత్తది వేయండి. హ్యాంగర్లు వందల ఆకారాల్లో ఉంటాయి, మోడల్ పేరుతో కాదు, పాతది చేతిలో పెట్టుకుని రంధ్రాలు పోల్చి కొనాలి. ఒకటి అదనంగా సీటు బ్యాగ్‌లో పడేసుకోండి.

ఎల్_స్క్రూ
ఈ 9 మి.మీ.ని చూసి కంగారు పడకండి, లెక్క చూడండి. రిమ్ మీద పైనుంచి కిందకి దాదాపు 600 మి.మీ. దూరంలో 9 మి.మీ. తేడా. హ్యాంగర్ బోల్టుకి పై పుల్లీ 60 మి.మీ. దూరంలో ఉందనుకుంటే అక్కడ పడే తేడా 1 మి.మీ. లోపు. 8 గేర్ల క్యాసెట్‌లో కాగ్ నుంచి కాగ్‌కి 4.8 మి.మీ. కాబట్టి హ్యాంగర్ ఒక్కటే చైన్‌ని పుల్లల్లో పడేయలేదు. వదులు స్క్రూకి ఇది తోడైంది. 11 గేర్లలో ఆ దూరం 3.7 మి.మీ. వరకు తగ్గుతుంది కాబట్టి అదే వంపు అక్కడ ఎక్కువ బాధిస్తుంది.

వరస ముఖ్యం. ముందు హ్యాంగర్, తర్వాత హెచ్, ఎల్ స్క్రూలు, తర్వాత కేబుల్, చివర బి స్క్రూ (పై పుల్లీకీ కాగ్‌కీ మధ్య దూరం సర్దేది). తారుమారు చేస్తే మొదటినుంచి మళ్లీ చేయాలి.

గిండీ_గేరు
గేజ్ దొరకనివాళ్లకి ఒక పాత కిటుకు. హ్యాంగర్ మర ఎం10, పిచ్ 1 మి.మీ. నట్టు బిగించే రకం వెనక చక్రాల ఇరుసుల్లో చాలావాటిది అదే మర. అలాంటి చక్రం ఒకటి తెచ్చి ఇరుసు కొసని హ్యాంగర్‌లోకి చేత్తో తిప్పి బిగిస్తే, ఆ చక్రం సైకిల్ వెనక చక్రానికి సమాంతరంగా నిలబడాలి. రెండు రిమ్‌ల మధ్య దూరం పైన, కింద, ముందు, వెనక స్కేలుతో కొలవండి. జాగ్రత్త: మన మామూలు సైకిళ్లలో కొన్నిటి ఇరుసు అంగుళం కొలతల మర. రెండు చుట్లు చేత్తో తేలిగ్గా పోకపోతే అక్కడే ఆపేయండి, స్పానర్ పెట్టారా హ్యాంగర్ మర పోయినట్టే.

బేస్‌మెంట్_బైకు
తక్కువ ధర గేరు సైకిళ్లలో హ్యాంగర్ విడిగా ఉండదు. డిరెయిలర్‌తో పాటే ఒక ఇనుప బ్రాకెట్ వచ్చి ఇరుసు నట్టు కింద బిగుస్తుంది. అక్కడ వంగడం కన్నా జరగడం ఎక్కువ. పంక్చర్ వేసి చక్రం తిరిగి పెట్టేటప్పుడు బ్రాకెట్ చిన్న బోల్టు డ్రాపవుట్ (ఇరుసు కూర్చునే ఫ్రేమ్ కొస) గాడిలో పూర్తిగా ఆనకపోతే డిరెయిలర్ మొత్తం ఒరుగుతుంది. పంక్చర్ తర్వాతే గేర్లు పాడయ్యాయనే వాళ్లు ముందు అది చూడాలి.

తురహళ్లి_తుప్ప
ఊరికి సైకిల్ తీసుకెళ్లేవాళ్లకి ఒక ముక్క. బస్సు కింద సామాన్ల అరలోనో రైలు పార్సిల్‌లోనో వేసేటప్పుడు డిరెయిలర్‌ని హ్యాంగర్ నుంచి 5 మి.మీ. అలెన్ కీతో విప్పండి. కేబుల్ విప్పక్కర్లేదు. గుడ్డలో చుట్టి చైన్‌స్టే (చైన్ పక్కన ఉండే ఫ్రేమ్ గొట్టం) లోపలివైపు కట్టేయండి. చక్రం తీసేస్తే డ్రాపవుట్ల మధ్య చెక్కముక్కో ప్లాస్టిక్ స్పేసరో పెట్టండి. దిగాక మొదటిసారి తేలిక గేరుకి వెళ్లే ముందు వెనకనుంచి చూడండి: రెండు పుల్లీలు, కాగ్ ఒకే నిలువు గీతలో ఉండాలి.

వర్తూరు_వంతెన
హ్యాంగర్ 3 మి.మీ. లోపుకి వచ్చింది, పగులు లేదు. ఎల్ స్క్రూ ముప్పావు చుట్టు బిగించాక చేత్తో ఎంత నెట్టినా చైన్ దాటడం లేదు. గోరు పరీక్షలో 8 పుల్లల్లో 3 గాట్లున్నవి, మిగతావి గీతలే. మూడే మార్చాలా, ఎనిమిదీనా?

నిపుల్_కీ
మూడే. గీతలున్న అయిదింటినీ మార్కర్‌తో గుర్తుపెట్టుకుని నెలకోసారి మెడ దగ్గర చూడండి. వాటిలో ఒకటి తెగితే అప్పుడు మిగతా నాలుగూ ఒకేసారి మార్చండి.

పద్ధతి: టైరు, ట్యూబు, రిమ్ టేపు, క్యాసెట్ అన్నీ తీయాలి. క్యాసెట్ ఉంటే బయటి పుల్లని ఫ్లాంజి రంధ్రంలోంచి దూర్చి తిప్పడానికి చోటు ఉండదు. పాత పుల్లని మెడ వంపు లోపలి అంచు నుంచి మర కొస వరకు మిల్లీమీటర్లలో కొలవండి. గేర్ల వైపు పుల్ల అటువైపు దానికన్నా సాధారణంగా 1 నుంచి 2 మి.మీ. పొట్టి, ఎడమవైపుది చూపించి కొనొద్దు. మందం 14 గేజ్ అంటే 2 మి.మీ. అవునో కాదో చూడండి.

ఒక్కోటే మార్చండి. మూడూ ఒకేసారి విప్పితే రిమ్ లాగుడు పోయి బెండు ఎటు పోతుందో తెలియదు. కొత్త పుల్ల పక్కవాటి కింద, పైన ఏ వరసలో అల్లి ఉందో అదే వరసలో పోనివ్వండి. మరకి ఒక చుక్క నూనె. నిపుల్ (రిమ్ దగ్గర పుల్లని బిగించే నట్టు) బిగిస్తూ వేలితో మీటి పక్క పుల్ల స్వరంతో పోల్చండి, అదే వైపు పుల్లలతో మాత్రమే. ఎడమవైపు లాగుడు ఎప్పుడూ తక్కువ, స్వరం వేరు. చివర పక్కపక్కన సమాంతరంగా పోయే జతల్ని చేత్తో గట్టిగా పిసికి, మళ్లీ బెండు చూసుకోండి.

వర్తూరు_వంతెన
మూడూ అయ్యాయి, బెండు లేదు. ఇక ప్లేటు. కొలత ఎలా చూడాలి?

ఎల్_స్క్రూ
ప్లేటు పెద్ద కాగ్ కన్నా కొంచెం పెద్దదై ఉండాలి. 28 పళ్ల కాగ్ పిచ్ వ్యాసం దాదాపు 113 మి.మీ., 34ది దాదాపు 138. అంటే 28 పళ్ల క్యాసెట్‌తో వచ్చిన ప్లేటుని 34కి వాడితే చైన్ అంచు బయటనుంచే పుల్లల్లోకి దిగుతుంది. క్యాసెట్ పెద్దది చేసుకున్నవాళ్లు పాత ప్లేటే వదిలేయడం చాలా చూస్తాం.

బిగించడం: ప్లేటు కొక్కేలు పుల్లలు దాటుకునే చోట పట్టుకోవాలి. తర్వాత క్యాసెట్, చిన్న కాగ్ సన్నగాడి సరిచూసి, లాక్‌రింగ్ 40 న్యూటన్ మీటర్లు. క్యాసెట్ వెనక స్పేసర్ ఏదైనా ఉంటే అది మర్చిపోవద్దు. 1 మి.మీ. స్పేసర్ పోయినా క్యాసెట్ అంత లోపలికి జరిగి సర్దిన గోడంతా తప్పుతుంది.

గిండీ_గేరు
ఫ్రీవీల్ రకమైతే, అంటే గేర్లు హబ్ మీదే మరతో ఎక్కేవైతే, ప్లేటు మధ్య రంధ్రం వేరు. క్యాసెట్‌ది దానికి కూర్చోదు. ఫ్రీవీల్ ఊడదీయడానికి దాని గాడులకి సరిపోయే పుల్లర్‌ని బెంచ్ వైస్‌లో పట్టించి, చక్రాన్ని స్టీరింగులా అపసవ్యంగా తిప్పడం తేలిక. తిరిగి ఎక్కించేటప్పుడు మరకి గ్రీజు పూయండి, తొక్కుతుంటే అదే బిగుసుకుంటుంది.

వర్తూరు_వంతెన
ప్లేటు వేశాను. తేలిక గేరులో నిలబడి తొక్కితే మాత్రం లోపల టిక్ టిక్ అని వస్తోంది, కూర్చుంటే లేదు. ప్లేటా, పుల్లలా?

నిపుల్_కీ
నిలబడినప్పుడే వస్తే చక్రం వంగి డిరెయిలర్ కేజ్ ప్లేటుకి తగులుతోంది. చక్రం పైకి లేపి తేలిక గేరులో పెట్టి, కేజ్‌కీ ప్లేటుకీ మధ్య సందు చూడండి. పోస్ట్‌కార్డు కూడా దూరకపోతే ఎల్ స్క్రూ ఇంకో పావు చుట్టు. ఆ తర్వాత కూడా ఉంటే రిమ్‌ని పట్టుకుని పక్కలకి ఊపండి, హబ్ కోన్ (హబ్ బేరింగుని బిగించి ఉంచే ముక్క) వదులై ఉంటుంది.

వర్తూరు_వంతెన
కోనే. రిమ్ దగ్గర దాదాపు 2 మి.మీ. ఊగుతోంది. క్విక్ రిలీజ్ హబ్‌కి ఏ స్పానర్లు పడతాయి?

నిపుల్_కీ
కోన్‌కి సాధారణంగా 15 మి.మీ. పలచటి కోన్ స్పానర్, లాక్‌నట్టుకి 17. ఎడమవైపు మాత్రమే సర్దండి. బయట పెట్టినప్పుడు వెంట్రుకవాసి ఊగు ఉంచండి, క్విక్ రిలీజ్ బిగిస్తే అది పోతుంది. బొత్తిగా ఊగు లేకుండా బిగిస్తే ఫ్రేమ్‌లో పెట్టాక బేరింగు నలుగుతుంది.